పొందూరు మాస్టారి రెండో భాగం

అరవైల చివరి రోజుల్లో విజయనగరం గంటస్తంభం నుంచి శ్రీకాకుళం దాకా, చదువొచ్చిన ప్రతి ఇంట్లోనూ నా డిటెక్టివ్ నవల ఒకటి ఉండేది. పదివేల ప్రతులు. కొత్తవలస స్టేషన్లో బండి ఆగితే టీ అమ్మేవాడు నన్ను గుర్తుపట్టి, కిటికీ ఊచ పట్టుకుని బండితోపాటు పరిగెత్తేవాడు. "హంతకుడెవడో నాకొక్కడికీ సెప్పీ బాబూ, ఇంకెవరికీ సెప్పను" అనేవాడు.

పదివేలన్నది నోటికొచ్చిన అంకె. ఐదువేలనుకోండి. టీ అమ్మేవాడు పరిగెత్తిన మాట మాత్రం నిజం. అయితే వాడు అడిగింది హంతకుడి సంగతి కాదు, గ్లాసు.

నా నవల వేసినాయన దుకాణం విజయనగరంలోనే ఉండేది. మొదట పలకలూ పెన్సిళ్ళూ అమ్మి, చేతిలో నాలుగు డబ్బులు ఆడాక పుస్తకాలు వేయడంలోకి దిగాడు. ముందు గదిలో దుకాణం, వెనక పెంకుటి కొట్లో అచ్చయిన కాగితాల గుట్టలు. మనిషి మంచివాడే. రాయల్టీ మాట ఎత్తితే ముందు మంచినీళ్ళు తెప్పించేవాడు. రెండోసారి ఎత్తితే కాఫీ. మూడోసారి ఎత్తితే తన కష్టాలు చెప్పి కళ్ళొత్తుకునేవాడు. మనమే ఓదార్చి లేచి వచ్చేసేవాళ్ళం. అలా ఆయన్ని నేను నాలుగేళ్ళు ఓదార్చాను.

ఆ రోజుల్లో ఒక పద్ధతి ఉండేది. అచ్చయిన పుస్తకాన్నంతా ఒకేసారి కుట్టేవారు కాదు. కాగితాలు విడిగానే కొట్లో పేర్చి ఉంచి, అమ్మకానికి కావలసినన్ని మాత్రం ఎప్పటికప్పుడు కుట్టించేవారు. కుట్టేముందు రచయితకి కబురొచ్చేది. ఆయన వచ్చి కూర్చుని, పుస్తకం పేరున్న మొదటి కాగితాల మీద ఒక్కొక్కదానికీ సంతకం పెట్టాలి. 'రచయిత సంతకము లేని ప్రతి దొంగ ప్రతిగా ఎంచబడును' అని కిందే అచ్చువేసి ఉండేది. ఎన్ని సంతకాలో అన్ని పుస్తకాలు బయటికి వెళ్ళినట్టు. ప్రచురణకర్త మీద రచయితకి ఉన్న కాపలా అదొక్కటే.

నేను సంతకాలు పెట్టేవాణ్ణి కాదు. "పదివేల కాగితాల మీద సంతకాలంటే చెయ్యి పడిపోదూ" అని నలుగురూ వినేటట్టు చెప్పి, రబ్బరు స్టాంపు చేయించి దుకాణం సొరుగులో పడేశాను. సంతకానికి పిలుపు రావడం లేదని ఒప్పుకోవడం కంటే, స్టాంపు ఇచ్చేశానని చెప్పుకోవడంలో దర్జా ఉంది కదా.

పొందూరు మాస్టారు అలా కాదు. అతను నేతవారి ఇంట పుట్టి ఎలిమెంటరీ స్కూల్లో పంతులైనవాడు. నాకంటే ఆరేడేళ్ళు చిన్న. రాట్నం తిప్పి తనని చదివించిన తల్లి మీద నవల రాశాడు. రెండు భాగాలు. దుకాణానికి తీసుకొచ్చి పరిచయం చేసింది నేను గనక నన్ను గురూగారూ అనేవాడు. మొదటి భాగం ముందుమాటలో నన్ను 'పదివేల ప్రతుల రచయిత' అని రాశాడు. ఆ అంకెని నమ్మినవాడు భూమ్మీద అతనొక్కడే. మా ఇంట్లో కూడా ఎవరూ నమ్మలేదు.

కబురు వెళ్ళిన ఆదివారం పాసింజరు బండిలో దిగేవాడు. ఆకుపచ్చ సిరా కలం. పొట్టి సంతకం కాదు, ఇంటిపేరుతో సహా పూర్తి పేరు. ఒక్కో కాగితం మీదా రాసి, ఆరేదాకా ఊది, పక్కన పెట్టేవాడు.

"తొందరగా కానీవోయ్, కాఫీ చల్లారిపోతోంది" అనేవాణ్ణి.

"ఇది మా యమ్మ పుస్తకం కదండి గురూగారూ. తొందరపడితే ఆవిడికి కోపవొస్తాది" అనేవాడు. ఆవిడ పోయి అప్పటికి మూడేళ్ళు.

అతనికి కబుర్లు తరచుగా వెళ్తున్నాయని నేను గమనించకపోలేదు. గమనించనట్టు ఉన్నాను. బైండింగు మేస్త్రీ ఊరుకోడు. ముసలాడు, నోటికి తాళం లేదు. ఒకరోజు నన్ను కొట్లోకి పిలిచి చూపించాడు.

"మాస్టారి మొదటి బాగం మోకాలి దిగువకి ఒచ్చీసినాది బాబూ. నీది సూడు, నా రొమ్ము కాడే ఉన్నాది. ఎలకలు కూడా ఇటేపు రావు."

"ఎలకలకి సాహిత్యం ఏం తెలుసోయ్?"

"అదే నానూ అంతన్నాను. ఆటికి తెలిసే రాట్లేదేటో అని."

ఆ తర్వాత రెండేళ్ళకి దుకాణం కూలిపోయింది. ప్రచురణకర్త ఆశపడి హైస్కూలు పిల్లలకి గైడ్లు వేశాడు. కాగితమంతా విశాఖపట్నం షావుకారు దగ్గర అప్పు. గైడ్లు అచ్చయి కొట్టు నిండేసరికి పాఠాలు మారిపోయాయి. ఒకనాడు తెల్లవారాక దుకాణం తలుపులు తెరుచుకోలేదు. రాయపూర్ బండి ఎక్కడం చూశామని కొందరు, సింహాచలంలో గుండుతో కనిపించాడని కొందరు చెప్పారు. ఏ బండి ఎక్కినా మా రాయల్టీలు ఆయనతోపాటే ఎక్కాయి.

ఒక ఆదివారం షావుకారు తాలూకు గుమాస్తా వచ్చి కొట్టు తెరిపించాడు. ఊళ్ళో ఉన్న రచయితలం నలుగురం వెళ్ళాం. గుమాస్తా మర్యాదస్తుడు, కుర్చీలు వేయించాడు.

"ఆయన మీకెంత ఇవ్వాలో మాకు తెలవదండి. కాగితం మాది. అయితే ఎవరి పుస్తకం వాళ్ళు అట్టుకుపోతానంటే మా షావుకారు కాదనరు. శుక్రవారం పొద్దుగూకే లోపల రండి. ఆ తరవాత పాత కాగితాల కింద తూకవే" అన్నాడు.

పొందూరు మాస్టారి మాట ఎవరో ఎత్తారు. "నీ శిష్యుడు కదా, ఒక కార్డు ముక్క రాసి పడెయ్" అన్నారు నాతో. సరేనన్నాను.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. మాస్టారి మొదటి భాగం నాలుగు వందలకి పైగా అమ్ముడుపోయింది, చదివినవాళ్ళ ఇళ్ళల్లో ఉంది. రెండో భాగం అచ్చయి కొట్లో ఉంది కానీ ఒక్క ప్రతి కూడా కుట్టలేదు. చేతిరాత కాగితాలు కంపోజింగువాళ్ళు తలో నాలుగూ పంచుకుని, పనయ్యాక రోలర్లు తుడిచి పారేశారు. అది మామూలే, ఎవరూ దాన్ని తప్పనుకునేవారు కాదు. మాస్టారు రెండో ప్రతి రాసుకోలేదు. కాబట్టి ఆ పుస్తకం ఆ కొట్లో, ఆ గోడవార గుట్టలో తప్ప లోకంలో ఇంకెక్కడా లేదు. దుకాణం మూసేసిన కబురు విని అతను ఒకసారి ఊరికొచ్చి, తాళం చూసి, మా ఇంటి అరుగు మీద కూర్చుని అన్నాడు:

"నాకు సొమ్మొద్దండి గురూగారూ. మొదటి బాగం రాయల్టీ ఆయనే ఉంచీసుకోమనండి. రెండో బాగం కట్టలు నాకిచ్చీమనండి, సాలు. ఇంటికట్టుకుపోయి నానే కుట్టుకుంటాను. మా ఇంట దారానికేటి కొదవ."

అదీ అతను కోరింది. అది నాకు తెలుసు. తెలిసే కార్డు రాశాను. ఆ ఆదివారమే, పైన తేదీ వేసి, 'శుక్రవారంలోగా తప్పక రావలెను' అని రెండుసార్లు కింద గీత గీసి, చొక్కా జేబులో పెట్టుకున్నాను.

సోమవారం నేను పనిచేసే తాలూకాఫీసుకి వెళ్తూ పోస్టు డబ్బా ముందునుంచే వెళ్ళాను. మంగళవారమూ వెళ్ళాను. కార్డు జేబులోనే ఉంది.

ఎందుకంటే, అతనొస్తే కొట్లోకి వస్తాడు. కొట్లోకి వస్తే నా గుట్ట చూస్తాడు. పదివేల ప్రతుల రచయిత గుట్ట మేస్త్రీ రొమ్ముదాకా అలాగే నిలబడి ఉంది. నా గుట్ట ముందు ఇంటికి చేర్చేసి, ఆ తర్వాత కార్డు వేద్దామనుకున్నాను. అంతకంటే దురుద్దేశం లేదు. ఉందేమోనని ఒక్కోసారి అనిపిస్తుంది.

బండివాడు బుధవారానికి గానీ దొరకలేదు. మేస్త్రీ కట్టలు లెక్కపెట్టి ఎక్కించాడు. వేసినవి వెయ్యి. మిగిలినవి ఎనిమిది వందల ఇరవై. అంటే లోకంలోకి వెళ్ళినవి నూట ఎనభై. అందులో నలభై నేనే ఊరూరి నుంచి రకరకాల పేర్లతో తెప్పించుకున్నవి. ఐదువేలన్నాను కదా పైన, అదీ తీసేయండి.

గురువారం పొద్దున్న కార్డు డబ్బాలో వేశాను. పొందూరుకి రెండు రోజులు పడుతుందని తెలుసు. కానీ శుక్రవారమంటే శుక్రవారమేనా? మా వైపు శుక్రవారం రమ్మన్నవాడు ఆ పై బుధవారం దాకా ఎదురుచూస్తాడు. చాకలి, కంసాలి, కలెక్టరాఫీసు, అందరూ అంతే. ఆ గుమాస్తా కూడా మనలాంటివాడే అనుకున్నాను. అతను మనవైపువాడు కాడు. శుక్రవారం దీపాలు పెట్టేవేళకి రెండు బళ్ళు వచ్చి కొట్టు ఊడ్చుకుపోయాయి.

ఆదివారం పాసింజరులో మాస్టారు దిగాడు. చేతిలో రెండు గోనెసంచులూ, భుజం మీద తాడుచుట్టా. నేను దుకాణం దగ్గర ముందే నిలబడి ఉన్నాను. అతను కొట్లోకి వెళ్ళాడు. గుట్టలున్న చోట నేల మీద నలుచదరంగా తెల్లటి గుర్తులు మిగిలాయి, మిగతా నేలంతా దుమ్ము. తన రెండో భాగం ఉన్న చోటు అతనికి తెలుసు. అక్కడికి వెళ్ళి ఆ తెల్లటి చదరం అంచున ఆగాడు. లోపల అడుగుపెట్టలేదు.

మేస్త్రీ గుమ్మంలో చతికిలబడి ఉన్నాడు. "నాకేటి తెలుసు మాస్టారూ. ఒత్తారొత్తారని సూసినాను. రెండు కట్టలు దాసీసినాను గాని ఆ గుమాస్తా ఒట్టుకున్నాడు" అన్నాడు.

"పోస్టువాళ్ళు" అన్నాను నేను. "కార్డు ఆదివారమే రాశాను. పోస్టువాళ్ళ పని అలా ఏడిసింది."

మాస్టారు జేబులోంచి నా కార్డు తీశాడు. రాసిన వైపు చూశాడు. తిప్పి, చిరునామా వైపు చూశాడు. అక్కడ తపాలా ముద్ర ఉంటుంది, ముద్రలో తేదీ ఉంటుంది. ఆ మాట నాకు అప్పుడు గుర్తొచ్చింది. ఆరునెలలపాటు తారీఖుల మీద నడిచే డిటెక్టివ్ నవల రాసినవాణ్ణి, ఆ క్షణం దాకా గుర్తు రాలేదు. అతను కార్డు మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు. తాడుచుట్ట సరిచేసుకున్నాడు.

"మీరు ఆపీసు పని మానుకుని ఒచ్చుంటారు. ఎల్లండి గురూగారూ" అన్నాడు. ఆదివారం ఆఫీసు ఉండదు.

ముద్ర చూశాడో, ఊరికే తిప్పాడో నాకు తెలియలేదు. అడిగే ముఖం లేదు. ఒక నెలపోయాక ఉత్తరం రాశాను, మళ్ళీ రాయవయ్యా, నీకు కంఠతా వచ్చి ఉంటుంది కదా అని. జవాబు ఆకుపచ్చ సిరాలో రెండు వాక్యాలు. 'పత్తి ఒక్కసారే దువ్వుతారండి. రెండోసారి దువ్వితే పోగు నిలవదు.'

ఆ తర్వాత అది మొదలయింది. మూడు నెలలకి కాబోలు, శృంగవరపుకోట సంతలో వేయించిన వేరుశనగలు కొన్నాను. పొట్లం విప్పి తింటూ, అలవాటుకొద్దీ కాగితం చదివాను. అరవై ఒకటో పేజీ. ఒక ముసలమ్మ వాలుగ చేప దవడ ఎముకతో పత్తి దువ్వుతోంది. ఆ ఎముక పళ్ళ సందుల్లో గింజ నలుసు చిక్కుకుంటే కొడుకుని పిలిచి, నీ కళ్ళు చిన్నవిరా, తియ్యి అంటోంది. వేరుశనగలు నా చేతిలోనే ఉండిపోయాయి. పక్కనున్నాయన "పుచ్చులా బాబూ?" అని అడిగాడు.

ఆ పైన ఎక్కడికి వెళ్ళినా ఆవిడే. బొబ్బిలి బస్సులో ఒకామె ఒళ్ళో చింతపండు పొట్లం మీద. కాంపౌండరు కట్టి ఇచ్చిన జ్వరం మాత్రల మీద. కొత్తవలసలో గారెల నూనెకి అక్షరాలు వెనకనుంచి కూడా కనబడుతూ. వరస ఉండేది కాదు. నూట నలభైలో ఆవిడ చచ్చిపోయింది, ఎండుమిరపకాయల పొట్లంలో. పాడె కట్టేవాళ్ళు ఆవిడ వడికిన నూలే అడిగారు. నెల తిరక్కుండా బెల్లం చుట్టిన ఎనభై ఎనిమిదిలో లేచి కూర్చుని, నన్ను చూసి, అన్నం తిన్నావా అంది. కొడుకుని అంది. నాకు నన్నన్నట్టే ఉండేది. ఆఖరి పేజీ మాత్రం దొరకలేదు. ఆవిడ పోయాక ఆ రాట్నం ఏమయిందో, ఆ కొడుకు ఏం చేశాడో నాకు ఇప్పటికీ తెలియదు. కిరాణాకొట్టుకి వెళ్ళాలంటే భయం వేసేది. వెళ్ళకుండా ఉండలేకపోయేవాణ్ణి.

నా నవలని ఇంటికి తెచ్చుకున్నాను కదా, అది ఎవరి వేరుశనగలకీ పనికిరాలేదు. అటకమీద చెదపట్టింది. మిగిలింది నీళ్ళపొయ్యిలోకి వెళ్ళింది.

పొందూరులో మొదటి భాగం చదివినవాళ్ళు తర్వాతేమయిందని అడిగితే మాస్టారు, "సంతలో ఉన్నాది, కొనుక్కోండి" అనేవాడట. నవ్వుతూనే అనేవాడట.

నేను ఆ కాగితాలు పారేయలేదు. దొరికినదల్లా తెచ్చి, నూనె ఒత్తి తీసి, బెల్లం తుడిచి, పరుపు కింద అణిచి, పేజీ అంకెల వరసలో పేర్చాను. నూటపన్నెండు పేజీలయ్యాయి. ఒక వేసవిలో వాటిని పాత పంచెలో మూటకట్టి, పొందూరు వెళ్ళి, అతని చేతుల్లో పెట్టి, తప్పు ఒప్పుకుని వచ్చాను. అతను మూట కళ్ళకద్దుకున్నాడు. ఆ తర్వాత పదేళ్ళు బతికాడు. మళ్ళీ ఏమీ రాయలేదు.

ఇక్కడికి రాసి, నిన్న మధ్యాహ్నం మా ఆవిడకి చదివి వినిపించాను. తను నాకు మేనత్త కూతురు, పుట్టినప్పటి నుంచీ ఎరిగినది. చింతపండు పిక్కలు తీస్తూ మొత్తం విన్నది. పదివేల దగ్గర నవ్వలేదు, నూట ఎనభై దగ్గరా నవ్వలేదు. చివర పిక్కలన్నీ చేటలోకి దులిపి అడిగింది.

"అయిపోనాదేటి?"

"అయిపోయింది. ఎలా ఉంది?"

"కాయితాలు నువ్వేరినావేటి బావా? పొట్లాలిప్పి తుడిసినదెవరు? నువ్వు అరవై ఒకటి సదివి, ఒణికిపోయి, దాన్ని పొయ్యిలో ఎట్టబోతే నీ సెయ్యి ఒట్టుకున్నదెవరు? పక్కింటోళ్ళ కాడ, కొట్టోడి కాడ అడిగి తెచ్చినది నాను. అంకెలు పేర్సినది నాను. నువ్వు సదివినవి ఏడో ఎనిమిదో. తక్కినవి నాను పైకి సదువుతుంటే నువ్వు సెవులు మూసుకున్నావు."

నేను చేతిలో కాగితాలు మళ్ళీ వరసగా సర్దాను.

"పొందూరు ఎల్లినది కూడా నానే. నువ్వు టేసన్లో బల్ల మీద కూకుండిపోనావు, కాలు నొప్పని. మూట ఆయన కళ్ళకద్దుకోనేదు. నా సేతికి మజ్జిగిచ్చి, ఒక్కో కాయితం ఇప్పి సూసినాడు. ఆకరి పేజీ ఉన్నాదేటమ్మా అని అడిగినాడు. నేదన్నాను. అదే మంచిదన్నాడు."

"నువ్వు నాకెప్పుడూ చెప్పలేదు."

"నువ్వెప్పుడూ అడగనేదు. మాస్టారింట్లో ఉత్తరాలన్నీ ఇనప తీగకి గుచ్చీసి ఉన్నాయి. పైన నీ కార్డే ఉన్నాది. నీ తారీకు కింద ఒక గీత, పోస్టు ముద్ర కింద ఒక గీత. ఆకుపచ్చ సిరా. సూసినాడో నేదో అని ఇన్నేళ్ళూ ఏడుస్తన్నావు కదా, సూసినాడు. ఆ పూటే సూసినాడు. గురూగారు రాలేదేటమ్మా అని నన్నడిగితే, ఊళ్ళో నేరండి, నెల్లాళ్ళయి మంచం మీదున్నారండి అని రెండు మాటలూ ఒకేసారి అనీసినాను. ఆయన నవ్వీసినాడు. ఆ అబద్దం నాది బావా, సరిగ్గా ఆడ్నేకపోనాను. రాసుకుంటే అదీ నీదేనని రాసీసుకో, నీ ఎత్తు అబద్దాలు మోసినోడివి, ఇంకోటి నీకు బరువేటి."